హాన్లే గామా టెలిస్కోపులు: అంత ఎత్తున ఎందుకు, ఏం వెతుకుతున్నాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

లద్దాఖ్‌లోని హాన్లే లోయలో, సముద్రమట్టానికి సుమారు 4,270 మీటర్ల ఎత్తున, మన శాస్త్రవేత్తలు గామా కిరణాల కోసం రెండు పరికరాలు నిలబెట్టారు. మొదటిది 2008లో పూర్తయిన హగార్. రెండోది 2024 అక్టోబరు 4న ప్రారంభమైన మేస్. ప్రారంభోత్సవం నాడు ‘ఆసియాలోనే పెద్దది, ఈ తరహా టెలిస్కోపుల్లో ప్రపంచంలోనే ఎత్తున ఉన్నది’ అని పత్రికలన్నీ రాశాయి. ఆ ఎత్తు దేనికన్నది మాత్రం చాలామందికి చేరలేదు. ఈ టెలిస్కోపుల శాస్త్రీయ లక్ష్యాలకు తాళంచెవి ఆ ఎత్తులోనే ఉందని నా నమ్మకం. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఏదో ఒక దారిన అక్కడికే వస్తాయి.

గామా కిరణం కూడా వెలుతురేనా?

వెలుతురే. రేడియో తరంగం, ఎండ, ఎక్స్‌రే, గామా కిరణం అన్నీ ఒకే కుటుంబం. తేడా అంతా ఒక్కొక్క కణం మోసుకొచ్చే శక్తిలో ఉంది. మన కంటికి కనిపించే కాంతి కణానికి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. హాన్లేలో పట్టుకునే గామా కణాల శక్తి రెండు వేల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మొదలై కొన్ని లక్షల కోట్ల వరకూ వెళుతుంది. శాస్త్రవేత్తలు వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులను ఒక జీఈవీ అనీ, లక్ష కోట్లను ఒక టీఈవీ అనీ అంటారు. ఎగిరే దోమకు ఉండే శక్తి సుమారు ఒక టీఈవీ. దోమ ఒంట్లో లెక్కలేనన్ని అణువులు పంచుకునే శక్తిని ఇక్కడ ఒక్క కాంతి కణం మోస్తుంది. అందులోని వింత అంతా అదే.

వేడెక్కిన వస్తువేదీ ఇంతటి వెలుతురును పుట్టించలేదు. సూర్యుడి ఉపరితలం వల్ల కాదు, అంతకంటే వేడి నక్షత్రాల వల్లా కాదు. ఏదో ఒక శక్తి ఎలక్ట్రాన్లనో ప్రోటాన్లనో దాదాపు కాంతి వేగానికి తోసిన చోటే ఇది పుడుతుంది. గామా కిరణం వచ్చిన దిక్కున అలాంటి యంత్రం ఏదో నడుస్తోందన్నమాట.

గామా కిరణాలు నేల వరకూ రావంటారు. మరి నేల మీద టెలిస్కోపు దేనికి?

రావడం లేదన్నది నిజం. గాలి వాటిని పైనే ఆపేస్తుంది, అది మన అదృష్టం కూడా. కానీ ఆగేటప్పుడు అవి ఒక గుర్తు వదులుతాయి.

పైనుంచి దూసుకొచ్చిన గామా కణం, నేలకు ఇంకా పదిహేను ఇరవై కిలోమీటర్ల ఎత్తున ఉండగానే గాలి అణువు పక్కగా పోతూ ఒక ఎలక్ట్రాన్‌గా, దానికి ధనావేశపు జోడీ అయిన ఒక పాజిట్రాన్‌గా మారిపోతుంది. ఆ రెండూ మళ్లీ గామా కణాలను పుట్టిస్తాయి. అవి మళ్లీ జంటలవుతాయి. ఒకటి రెండై, రెండు నాలుగై, క్షణంలో వేల కణాల జల్లు కిందికి దిగుతుంది. ఈ కణాలు గాలిలో కాంతి నడిచే వేగాన్ని మించి పరిగెడతాయి. శూన్యంలో కాంతి వేగాన్ని ఏదీ దాటలేదు, నిజమే. అయితే గాలిలో కాంతి కాస్త నెమ్మదిస్తుంది, ఆ కాస్త తేడాలోనే ఈ ఎలక్ట్రాన్లు ముందుకు దూకుతాయి. గోదావరిలో లాంచీ తన అలల కంటే వేగంగా వెళ్లినప్పుడు వెనుక కోసుగా విచ్చుకునే అలను చూసే ఉంటారు. ఆ కణాల వెనుక కూడా అలాంటి అల ఒకటి లేస్తుంది, నీలి వెలుగు రూపంలో. దానిని 1934లో గుర్తించిన రష్యా శాస్త్రవేత్త పావెల్ చెరెంకోవ్ పేరుతో చెరెంకోవ్ కాంతి అంటారు. ఆయనకూ, దాని సిద్ధాంతం చెప్పిన ఫ్రాంక్, టామ్‌లకూ 1958లో నోబెల్ బహుమతి వచ్చింది.

హాన్లే టెలిస్కోపులు చూసేది ఈ నీలి వెలుగునే. గామా కిరణం వాటి అద్దం వరకూ ఎన్నడూ రాదు.

ఆ మెరుపు మన కంటికి కనిపిస్తుందా?

కనిపించదు. అది ఉండేది కొన్ని నానోసెకన్లే, అంటే సెకనులో వంద కోట్లవ వంతులు కొన్ని. కన్ను అంత చురుకైనది కాదు. చురుకైన పరికరానికి మాత్రం పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. 1952లో ఇంగ్లండులో గాల్‌బ్రెయిత్, జెల్లీ అనే ఇద్దరు ఒక చెత్తడబ్బాలో చిన్న అద్దం, దాని ముందు వెలుగును పసిగట్టే ఒక ఫోటో గొట్టం అమర్చి రాత్రి ఆకాశం కింద పెట్టి ఈ మెరుపులను మొదటిసారి పట్టుకున్నారు. ఈ శాస్త్రానికి పుట్టిల్లు ఆ చెత్తడబ్బా.

ఉపగ్రహాలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. 2008 జూన్‌లో అమెరికా పంపిన ఫెర్మి గొప్ప పని చేసింది, గామా కిరణాలను నేరుగా పట్టుకుంటుంది. దాని ఇబ్బంది వైశాల్యం. లెక్క చూడండి. ఆకాశంలో నిలకడగా వెలిగే గామా దీపాల్లో ప్రసిద్ధమైనది క్రాబ్ నెబ్యులా, పేలిన ఒక నక్షత్రపు శిథిలం. దాని నుంచి ఒక టీఈవీకి మించిన కణాలు ఒక చదరపు మీటరు మీద పడేది సుమారు రెండు నెలలకు ఒకటి. అంతరిక్షంలోకి పంపగలిగే పరికరం ఒక చదరపు మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. దానితో కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి.

నేల మీది టెలిస్కోపు సంగతి వేరు. జల్లు వదిలిన వెలుగు నేల మీద సుమారు 120 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా పరుచుకుంటుంది. అంటే పది ఎకరాలకు పైనే. ఆ వెలుగు వలయంలో టెలిస్కోపు ఏ మూల ఉన్నా చాలు, దానికి కబురు అందుతుంది. గాలి మొత్తం వలగా మారుతుంది, మన అద్దం ఆ వల కొసను పట్టుకున్న చెయ్యి.

సరే, అంత ఎత్తు దేనికి? నక్షత్రాలకు దగ్గరవుతామనా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నాలుగు కిలోమీటర్లు ఎక్కితే నక్షత్రాలు దగ్గరకావు. దగ్గరయ్యేది జల్లు.

గామా కణం శక్తి ఎంత తక్కువైతే జల్లు అంత పలచగా ఉంటుంది, అది వదిలే వెలుగూ అంత సన్నగా ఉంటుంది. ఆ సన్నని వెలుగు కిందికి వచ్చేకొద్దీ రెండు దెబ్బలు తింటుంది. ఒకటి, వలయం విచ్చుకుని పలచబడుతుంది. రెండు, కింది గాలిలోని దుమ్ము, తేమ నీలి కాంతిని మింగేస్తాయి. హాన్లేలో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో సుమారు ఐదింట మూడు వంతులే. వెలుగును చెదరగొట్టే మందపాటి పొర అక్కడ కాళ్ల కింద ఉండిపోతుంది. జల్లు నడిమధ్యన పడే చెరెంకోవ్ కాంతి సముద్రమట్టంతో పోల్చితే అక్కడ నాలుగైదు రెట్లు చిక్కగా ఉంటుంది.

దీని ఫలితం ఏమిటంటే, కింద ఉంటే పోల్చుకోలేని నీరసపు జల్లులు అక్కడ దొరుకుతాయి. రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూ మీద 1,300 మీటర్ల ఎత్తున భాభా అణు పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి నడిపిన టాక్టిక్ టెలిస్కోపు పెద్ద శక్తుల గామా కణాలనే చూడగలిగింది. పెద్ద అద్దం, ఎక్కువ ఎత్తు రెండూ కలిసి మేస్‌ను 20 జీఈవీ వరకూ దింపేందుకు వీలిస్తాయి.

ఆ కింది శక్తుల మీద అంత మోజు ఎందుకో చెప్పాలి. ఉపగ్రహాలు కొన్ని పదుల జీఈవీల వరకూ బాగా చూస్తాయి. ఆపైన కణాలు అరుదై వాటి చేతికి చిక్కవు. పాత నేల టెలిస్కోపులు రెండు మూడు వందల జీఈవీల దగ్గర మొదలయ్యేవి. మధ్యలో 20 నుంచి 200 జీఈవీల వరకూ చాలాకాలం చీకటి. ఎన్నో ఖగోళ వస్తువుల గామా వెలుగు తగ్గుముఖం పట్టేది, ఉన్నట్టుండి తెగిపోయేది సరిగ్గా ఆ పట్టీలోనే. ఎక్కడ తెగిందో తెలిస్తే లోపలి యంత్రం ఎలాంటిదో తెలుస్తుంది.

ఎత్తుకు మూల్యం కూడా ఉంది. జల్లుకు దగ్గరైనకొద్దీ నేల మీది వెలుగు వలయం చిన్నదవుతుంది. దాంతో అరుదైన పెద్ద శక్తి కణాలు మనకు తగిలే అవకాశం కొంత తగ్గుతుంది. హాన్లే శాస్త్రవేత్తలు తెలిసే ఈ బేరం కుదుర్చుకున్నారు.

ఎత్తయిన చోట్లు ఇంకా ఉన్నాయి. హాన్లేనే ఎందుకు?

అది చలి ఎడారి. రుతుపవనాలను హిమాలయాలు అడ్డుకుంటాయి కాబట్టి ఏడాది మొత్తం కురిసేది పది సెంటీమీటర్లు కూడా ఉండదు. మౌంట్ ఆబూలో వానాకాలం వస్తే నెలల తరబడి పని ఆగిపోతుంది. హాన్లేకు ఆ బాధ తక్కువ. ఊళ్ల దీపాల కాంతి దాదాపు లేదు. భారత ఖగోళ భౌతిక సంస్థ రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును అక్కడి కొండ మీద ముందే నెలకొల్పింది కాబట్టి కరెంటుకూ సమాచార సంబంధాలకూ ఒక దారి ఏర్పడి ఉంది.

ఇంకొక కారణం రేఖాంశం. హాన్లే ఉన్నది 79 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, అంటే ఇంచుమించు మన హైదరాబాదుకు నేరుగా ఉత్తరాన. ఉత్తరార్ధగోళంలోని ఇతర పెద్ద చెరెంకోవ్ టెలిస్కోపుల్లో మ్యాజిక్ కానరీ దీవుల్లో ఉంది, వెరిటాస్ అమెరికాలోని అరిజోనాలో. ఆ రెండు చోట్లా పగలున్నప్పుడు ఏ గెలాక్సీ అయినా భగ్గుమంటే వాళ్లకు కనిపించదు. అప్పుడు హాన్లేలో రాత్రి.

హగార్, మేస్ ఒకటేనా?

రెండూ చూసే వెలుగు ఒకటే, చూసే తీరు వేరు. హగార్ అనేది ‘ఎత్తు ప్రదేశపు గామా కిరణం’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాల పేరు. ఏడు చిన్న టెలిస్కోపుల గుంపు అది. ఆరు షడ్భుజం మూలల్లో, ఒకటి మధ్యలో, ఒకదానికొకటి 50 మీటర్ల ఎడంలో ఉంటాయి. ఒక్కొక్క దాంట్లో 0.9 మీటర్ల అద్దాలు ఏడు. వెలుగు ఏ టెలిస్కోపుకు ఎన్ని నానోసెకన్లు ముందు వచ్చిందో చూసి, జల్లు ఏ దిక్కునుంచి దిగిందో లెక్కకట్టడం దాని పద్ధతి. ఎత్తు వల్ల వచ్చే లాభాన్ని చిన్న అద్దాలతోనే నిరూపించిన ఘనత దానిది. మేస్ వార్తల్లో హగార్ పేరు మరుగున పడటం నాకు బాధగా ఉంటుంది.

మేస్ ఒకే పెద్ద పళ్లెం. 21 మీటర్ల వ్యాసం, 356 అద్దపు పలకలు, సుమారు 180 టన్నుల బరువు. పళ్లెం ఎదుట ఉన్న కెమెరాలో 1,088 ఫోటో మల్టిప్లయర్ గొట్టాలు కళ్లలా పేర్చి ఉంటాయి. ఇది జల్లును బొమ్మ తీస్తుంది.

బొమ్మ తీస్తే ఏం తెలుస్తుంది? వచ్చింది గామా కణమే అని ఎలా నమ్మాలి?

ఈ శాస్త్రానికి ప్రాణం ఈ ప్రశ్నే. ఆకాశం నుంచి రాత్రింబగళ్లు ప్రోటాన్ల వంటి విశ్వకిరణాలు కురుస్తూ ఉంటాయి. అవి కూడా జల్లులు పుట్టిస్తాయి, అవి కూడా నీలి వెలుగు వదులుతాయి. ఒక గామా కణానికి ఇవి వేలల్లో వస్తాయి. బస్తాడు ఊకలో నాలుగు గింజలు ఏరడం లాంటి పని.

గామా జల్లు బొమ్మ సన్నగా, నున్నగా, బియ్యపు గింజలా ఉంటుంది. దాని పొడవు గీత కెమెరాలో ఆ వెలుగు మూలం ఉన్న వైపే చూపిస్తుంది. ప్రోటాన్ జల్లు బొమ్మ చిందరవందరగా, చీలికలు పేలికలుగా, ఏ వైపు పడితే ఆ వైపు తిరిగి ఉంటుంది. ఈ తేడాను అంకెల్లో కొలిచే పద్ధతిని 1985లో మైకేల్ హిల్లాస్ చెప్పారు. దాని సాయంతో 1989లో ట్రెవర్ వీక్స్ బృందం అరిజోనాలోని విపుల్ 10 మీటర్ల టెలిస్కోపుతో క్రాబ్ నెబ్యులాను ఖాయంగా పట్టుకుంది. ఆ టెలిస్కోపు కట్టింది 1968లో. ఇరవై ఏళ్లకు పైగా ఓపిక పట్టారు.

ముఖ్యమైన లక్ష్యం ఏది?

ఒక్కటే ఎంచమంటే, విశ్వకిరణాల పుట్టుక అంటాను. 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో పైకి వెళ్లి వాటిని కనుగొన్నారు. నూరేళ్లు దాటినా అవి ఎక్కడ పుడుతున్నాయన్న ప్రశ్న పూర్తిగా తెగలేదు. కారణం చిన్నది. ప్రోటాన్‌కు విద్యుదావేశం ఉంది కాబట్టి పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాలు దాని దారిని వంకర తిప్పుతాయి. మన దగ్గరికి చేరేసరికి అది వచ్చిన దిక్కుకూ బయలుదేరిన చోటుకూ సంబంధం ఉండదు. గామా కిరణానికి ఆవేశం లేదు, తిన్నగా వస్తుంది. ప్రోటాన్లు పుట్టిన చోట చుట్టుపక్కల వాయువును ఢీకొంటే గామా కిరణాలు పుడతాయి కాబట్టి, ఆ కిరణాలు పుట్టినింటి చిరునామా చెబుతాయి.

పేలిపోయిన నక్షత్రాల శిథిలాల మీదే ప్రధాన అనుమానం. వాటిలో రెండింటిలో ప్రోటాన్లు నిజంగా వేగం పుంజుకుంటున్నాయని 2013లో ఫెర్మి ఉపగ్రహం ఆధారం చూపింది. అయితే అన్ని శక్తుల విశ్వకిరణాలకూ అవే మూలమా? 2021లో చైనాలోని లాసో అనే వేరే తరహా పరిశీలన కేంద్రం, 4,410 మీటర్ల ఎత్తున, వెయ్యి టీఈవీలకు మించిన గామా కణాలను కూడా పట్టుకుని ఈ చర్చకు కొత్త ఊపిరి పోసింది.

పల్సర్ల నుంచి ఏం తెలుసుకోవాలి?

క్రాబ్ నెబ్యులా ఉన్నది రోహిణి నక్షత్రం వెలిగే వృషభరాశిలోనే. 1054లో చైనా జ్యోతిష్కులు పట్టపగలు కనిపించిన కొత్త నక్షత్రాన్ని రాసిపెట్టారు. ఆ పేలుడు శిథిలమే ఇది, సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని నడుమ ఒక న్యూట్రాన్ నక్షత్రం సెకనుకు 30 సార్లు గిరగిరా తిరుగుతోంది.

ఇలా తిరుగుతూ క్రమం తప్పకుండా మెరిసే నక్షత్రాన్నే పల్సర్ అంటారు. ఆ పల్సర్ గామా కిరణాలను తన ధ్రువాల పక్కనే పుట్టిస్తుందా, దూరంగా తన అయస్కాంత క్షేత్రపు అంచుల్లోనా? ధ్రువాల దగ్గరైతే అక్కడి బలమైన క్షేత్రమే పెద్ద శక్తి గామా కణాలను మింగేయాలి. వెలుగు కొన్ని జీఈవీల దగ్గర కత్తిరించినట్టు ఆగిపోవాలి. 2008లో మ్యాజిక్ టెలిస్కోపు క్రాబ్ స్పందనలను 25 జీఈవీల పైన చూసింది. ధ్రువాల సిద్ధాంతం అక్కడ తడబడింది. మిగతా పల్సర్ల మాట ఏమిటన్నది 20 జీఈవీల నుంచి చూడగలిగే టెలిస్కోపులే చెప్పాలి. ఎత్తు ఎందుకని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

దూరపు గెలాక్సీల్లో వెతికేది ఏమిటి?

కొన్ని గెలాక్సీల నడిబొడ్డున సూర్యుడికి కోట్ల రెట్ల బరువున్న కృష్ణబిలాలు ఉన్నాయి. వాటిలో కొన్ని పదార్థాన్ని మింగుతూ రెండు వైపులా ధారలు చిమ్ముతాయి. ఆ ధార మన వైపే తిరిగి ఉంటే దానిని బ్లేజార్ అంటాం. సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని మార్కేరియన్ 421 అలాంటిదే. మన పాలపుంతకు బయట టీఈవీ గామా కిరణాలు మొదట దొరికింది దానిలోనే, 1992లో. ఇవి గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో చెలరేగి చల్లారతాయి. ధారలో వెలుగును పుట్టిస్తున్నది ఎలక్ట్రాన్లా, ప్రోటాన్లా అన్నది ఇంకా నడుస్తున్న వాదన.

ఇక్కడ దాగిన ఇంకొక కానుక ఉంది. విశ్వంలో ఇంతవరకూ వెలిగిన నక్షత్రాలన్నీ విడిచిన వెలుతురు మంచులా అంతటా పరుచుకుని ఉంది. దూరం నుంచి వచ్చే గామా కణం ఆ వెలుతురును ఢీకొంటే జంట కణాలుగా మారి మాయమవుతుంది. కాబట్టి ఏ దూరం నుంచి ఎంత తగ్గి వచ్చిందో కొలిస్తే, ఆ పాత నక్షత్రాల వెలుగు మొత్తం ఎంతో తేలుతుంది. టీఈవీ కణాలు దగ్గరలోనే ఆగిపోతాయి. వంద జీఈవీ కంటే తక్కువ శక్తివి ఎంతో దూరం నుంచి రాగలవు. విశ్వం లోతుల్లోకి చూడాలంటే మళ్లీ కింది శక్తులే కావాలి, మళ్లీ ఎత్తే కావాలి.

గామా కిరణ విస్ఫోటనాలను పట్టగలరా?

ఇవి ఆకాశంలో ఎక్కడో ఉన్నట్టుండి భగ్గుమని కొద్దిసేపట్లో ఆరిపోయే మెరుపులు. పట్టడం కష్టం. ఉపగ్రహం కబురు పంపగానే అంత పెద్ద పళ్లెం ఆ దిక్కుకు తిరగాలి, అప్పుడు అక్కడ రాత్రి కావాలి, వెన్నెల ఉండకూడదు. 2019 జనవరి 14న మ్యాజిక్‌కు ఆ యోగం పట్టింది. మేస్ కూడా ఆ వేటలో ఉంటుంది.

కృష్ణ పదార్థం దొరుకుతుందా?

వెలుగు విడవకుండా, తన ఆకర్షణ వల్ల మాత్రమే ఉనికి తెలిసే పదార్థం అది. ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. బరువైన కృష్ణ పదార్థ కణాలు ఒకదానినొకటి ఢీకొని నశిస్తే గామా కిరణాలు పుట్టవచ్చని ఊహ. అందుకే నక్షత్రాలు తక్కువగా, కృష్ణ పదార్థం ఎక్కువగా ఉన్న మరుగుజ్జు గెలాక్సీల వైపు టెలిస్కోపులు తిప్పుతారు. ఏమీ కనిపించకపోయినా, ఇంతకు మించి ఉండదన్న హద్దు ఒకటి తెలుస్తుంది.

మేస్‌కూ తెలుగు నేలకూ సంబంధం ఉందా?

ఉంది, గట్టి సంబంధమే. దీని రూపకల్పన భాభా అణు పరిశోధన కేంద్రానిది. తయారీ హైదరాబాదులోని ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ది. ముందు హైదరాబాదులోనే అమర్చి చూసి, తరువాత విడదీసి లద్దాఖ్‌కు పంపారు. ఈసీఐఎల్‌ను 1967లో నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. ఆయన పేరున్న ఏఎస్ రావు నగర్ మీదుగా రోజూ వెళ్లేవారు ఈ టెలిస్కోపు తమ పొరుగున రూపుదిద్దుకుందని తెలుసుకుంటే నాకు సంతోషం.

ఇంతవరకూ ఏం చూసింది? ఒక్క పళ్లెం సరిపోతుందా?

2021 ఏప్రిల్‌లో మేస్ మొదట చూసింది క్రాబ్ నెబ్యులానే. ఈ రంగంలో ప్రతి కొత్త టెలిస్కోపూ ముందుగా దాని ముందే పరీక్షకు నిలబడుతుంది. ఆ తరువాత 20 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరాన ఉన్న ఒక మూలం చెలరేగడాన్ని కూడా పట్టుకుంది.

ఒక్కటే ఉండటం లోటే. రెండు కళ్లతో చూస్తే దూరం తెలిసినట్టు, ఒకే జల్లును రెండు పళ్లేలు చూస్తే దిక్కూ శక్తీ బాగా తేలతాయి, ఊక ఏరడమూ సులువవుతుంది. మ్యాజిక్‌కు రెండు, వెరిటాస్‌కు నాలుగు ఉన్నాయి. హాన్లేలో రెండో పళ్లెం లేవాలన్నది నా గట్టి కోరిక.

వెళ్లి చూడవచ్చా?

హాన్లే సరిహద్దుకు దగ్గర, అక్కడి అనుమతుల నియమాలు ముందుగా తెలుసుకోండి. లేహ్‌లో కొన్ని రోజులు ఉండి ఒంటిని ఎత్తుకు అలవాటు చేసుకోకుండా బయలుదేరవద్దు, గాలి నిజంగా చాలదు. పగటిపూట పళ్లెం ఆకారాన్ని దూరం నుంచి చూడవచ్చు. ఆ ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశ అభయారణ్యంగా ప్రకటించారు, కాబట్టి చీకటి పడ్డాక బండి దీపాలు ఆకాశం వైపు వెలగకుండా చూసుకోవాలి. ఆ 1,088 గొట్టాలు కొద్దిపాటి కాంతి కణాలను లెక్కపెట్టేటంత సున్నితమైనవి. చేతిలో టార్చి తప్పనిసరి అయితే దానికి ఎర్ర కాగితం చుట్టి, నేల వైపే పట్టుకోండి.